తిన్నవా అన్న సైగ

సాంచెలు ఆగిపోతే సూరత్ ఉధ్నాలో చెవులకు పనుండదు. దీపావళి సెలవులని నిన్న సాయంత్రం కార్ఖానాలన్నీ బందు పెట్టారు. ఇవాళ తెల్లారి సింధూజకు మెలకువ వచ్చింది ఆ చప్పుడు లేకపోవడం వల్లే. ఎవరో భుజం పట్టి కుదిపినట్టు లేచి కూర్చుని, ఏమైంది ఏమైంది అని చుట్టూ చూశాక గానీ, ఏమీ కాలేదని, మరమగ్గాల సాంచెలు ఆగాయంతేనని తెలియలేదు. పుట్టినప్పటి నుంచి పదిహేడేళ్లూ ఆ ఖటఖటలోనే నిద్రపోయిన పిల్ల మరి, నిశ్శబ్దానికి జడుసుకోదా? ఇప్పుడు స్టేషన్లో సిమెంటు బెంచీ మీద కూర్చుంటే ఆ నిశ్శబ్దం ఇక్కడికీ వెంట వచ్చినట్టే ఉంది, ప్లాట్‌ఫారం నిండా జనం ఉన్నా సరే. ఒడిశా వాళ్లు, బిహారు వాళ్లు, మన కరీంనగరం వైపు వాళ్లు, ట్రంకుపెట్టెలూ చుట్టిన దుప్పట్లూ పిల్లలకు కొన్న ప్లాస్టిక్ సైకిళ్లూ పట్టుకుని ఊళ్లకు పోతున్నారు. అందరూ సూరత్ ఖాళీ చేసి పోయే రోజున ఊరి నుంచి సూరత్‌కు వచ్చే మనిషి బాపమ్మ ఒక్కతే. బండికి ఇంకా గంట ఉంది. అంత ముందెందుకే అని అమ్మ అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేదో సింధూజకు తెలియదు. అమ్మ పొద్దున్నుంచి వంటింటి డబ్బాలన్నీ దించి కడుగుతోంది, కడిగినవే మళ్లీ కడుగుతోంది. ఆ చేతులను చూస్తూ ఇంట్లో కూర్చోలేక, ఆటో దొరకదేమో అని గొణిగి, చున్నీ వేసుకుని వచ్చేసింది. డిండోలిలోని ఇంటి నుంచి ఇక్కడికి ఎంత దూరం గనక, ఆటో ఎక్కినట్టే లేదు, దిగేసింది.

బాపమ్మ దిగగానే ఒక మాట అడుగుతుంది. అవుననో కాదనో చెప్పాలి. చెప్పాల్సింది అంతే, రెండు మాటల్లో ఒకటి, కానీ ఏది చెప్పాలో నిన్నటి నుంచీ సింధూజకు తేలడం లేదు. బాపమ్మ అంటే పోయిన నాన్న తల్లి ఎల్లవ్వ. సంచిలో చీర పెట్టుకుని వస్తోంది. వాళ్ల ఇంట్లో పద్ధతి అది: మొగుడు పోయిన మనిషికి మళ్లీ పెళ్లి చేయాలంటే, పోయినవాడి తల్లి బతికి ఉంటే ముందు ఆమె తన చేత్తో కోడలికి కొత్త చీర పెట్టాలి, ఆ చీర కట్టుకునే కోడలు పీట మీద కూర్చోవాలి. ఎల్లవ్వ ఒప్పుకుంది, కానీ ఫోన్లో ఒక మెలిక పెట్టింది: "నా మనుమరాలు అవునంటెనే సంచి మూతి విప్పుత. అది కాదంటే చీర అట్లనే ఊరికి తీస్కపోత." అమ్మ చేసుకోబోయేది రఘుపతిని. గల్లీకి అవతలి ఇల్లు, నాన్న పనిచేసిన కార్ఖానాలోనే పని, భార్య పోయి చాలా ఏళ్లయింది. నెమ్మదైన మనిషి, కుక్కను కూడా పక్కకు జరుగు తల్లీ అనే రకం. చెడ్డవాడైతే కాదనడం ఎంత సులువు, మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. ఆ మంచివాడికి ఒక కొడుకున్నాడు, మహేశ్, సింధూజ కంటే ఏడాది పెద్ద. ఆ మహేశ్ మీద సింధూజ ప్రాణం పెట్టుకుని రెండేళ్లు కావస్తోంది. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. అమ్మ ఆ పీట మీద కూర్చున్న క్షణం నుంచి మహేశ్ తనకు అన్న అవుతాడు. తను కాదంటే, నాలుగేళ్ల తర్వాత ఇప్పుడిప్పుడే నవ్వు నేర్చుకుంటున్న అమ్మ మళ్లీ డబ్బాలు కడుక్కుంటూ ఉండిపోతుంది.

చాయ్‌వాడు వచ్చి ముందర నిలబడి చూపుడువేలు ఎత్తి ఒకటా అన్నట్టు సైగ చేశాడు, ఆమె వేలు అడ్డంగా ఊపి వద్దంది. నోరు విప్పకుండా మాట్లాడుకోవడం ఈ ఊరి వాళ్లకు అలవాటే. కార్ఖానా లోపల మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు, అందుకే అక్కడ మాటలన్నీ చేతులతోనే. సింధూజకు ఆ చేతిమాటలు నేర్పింది నాన్న గణపతి. బాపు అనేది ఆమె. బడి సెలవుల్లో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలు, ఆ చప్పుడు ముందు కాళ్లలోకి ఎక్కేది, ఆ తర్వాతే చెవుల్లోకి. గాలినిండా దూది, ట్యూబులైట్ల కింద వరుసగా సాంచెలు, వాటి మధ్యలో బాపు బనీనుతో అటూ ఇటూ నడుస్తూ ఉండేవాడు, పన్నెండు సాంచెలకు ఒక్క మనిషి. ఆమెను చూడగానే ఐదు వేళ్లూ కుప్పగా చేర్చి పెదాలకు ఆనించి గడ్డం ఎగరేసేవాడు. తిన్నవా? అరచెయ్యి విప్పి ఊపితే ఇంకా లేదని. పొట్ట ముందు చేత్తో గుండ్రంగా చూపిస్తే సేఠ్ వస్తున్నాడని, ఆ సైగ చేసినప్పుడు మాత్రం కార్ఖానా అంతా లోలోపల నవ్వుకునేది. పిడికిలి బిగిస్తే సాంచె ఆగిందని. చూపుడువేలు గాల్లో గిరగిరా తిప్పితే, నడవనీ అని. సైగ అర్థమైతే అదే సైగ తిరిగి చెయ్యాలి, లేకపోతే అవతలివాడికి తెలియదు కదా, అందుకే బాపు ఏది చేసినా ఆమె చిన్న చేత్తో మళ్లీ చేసి చూపేది. ఒకసారి ఒక సాంచెలో దారం తెగి అది ఆగిపోతే, సింధూజ కంగారుపడి అన్నీ బంద్ చెయ్యమని చేతులు ఊపింది. బాపు నవ్వి, ఆగిన దాని వైపు పిడికిలి చూపి, మిగతా వాటి వైపు వేలు తిప్పాడు. ఇంటికి వచ్చాక చెప్పాడు. "ఒకటి ఆగిందని అన్నీ బంద్ పెడితే ఎట్ల బిడ్డా? ఆగిందాన్ని తర్వాత జూస్కుందాం. నడిచేటియి నడవాలె." బాపు గొంతు ఇంట్లో కూడా అరుపే, సాంచెల మనుషులందరిదీ అంతే, మెల్లగా మాట్లాడడం మరిచిపోతారు. ఆ అరుపు వినక నాలుగేళ్లయింది.

ఆ గుమ్మంలోనే ఇంకో టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక బక్కపలచని పిల్లవాడు కూడా నిలబడేవాడు, తల్లి లేని పిల్లవాడు, తనే వండిన ఖిచిడి తండ్రికి తెచ్చేవాడు, అది ఎప్పుడూ అడుగంటేది. బాపు ఇద్దరికీ కలిపే సైగలు నేర్పాడు. ఎవరు ముందు తిరిగి చేస్తారా అని పందెం, ఎప్పుడూ మహేశే గెలిచేవాడు, గెలిచి సింధూజను చూసి పొట్ట ముందు గుండ్రంగా చూపించేవాడు, నువ్వే సేఠ్‌వి అన్నట్టు. ఎంత కోపం వచ్చేదో అప్పుడు! ఆ తర్వాత బాపు ఒక మధ్యాహ్నం సాంచె పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు, టిఫిన్లు లేవు, కార్ఖానా లేదు, అక్కడే కండెలు చుట్టే పనికి పోయే అమ్మ అది మానేసి ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పనికి కూర్చుంది, జిగురు వాసనతో ఇల్లు నిండిపోయింది. అమ్మ జమున ఎక్కువ మాట్లాడే మనిషి ముందునుంచీ కాదు. బాపు పోయాక చేతులతో మాట్లాడడం కూడా మానేసింది. అంతకుముందు వంటింట్లోంచి, వసారాలోంచి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్ని సైగలు చేసేదో, చెయ్యి ఎత్తితేనే బాపు నవ్వేవాడు. ఆ తర్వాత ఆ చేతులు జిగురూ రాళ్లూ తప్ప ఇంకేం పట్టుకోలేదు, చిలకపచ్చ చీర ట్రంకులోకి పోయింది, అన్నీ బూడిదరంగువీ నేరేడురంగువీ కట్టేది. ఆ మూడేళ్లూ సింధూజ అమ్మ ముఖం చూడడానికే భయపడేది.

మహేశ్‌ను మళ్లీ చూసింది, అంటే చూడడం రోజూ చూసేదే, సరిగ్గా చూసింది మాత్రం పోయిన ఏడాది సంక్రాంతికి, ఇక్కడివాళ్ల ఉత్తరాయణ్ పతంగుల రోజున. ఆ రోజు సూరత్‌లో నేల మీద ఎవరూ ఉండరు, అందరూ మేడల మీదే, ప్రతి మేడ మీదా డబ్బాలంత స్పీకర్లు, ఒకదాని పాట ఒకదాన్ని మింగుతూ. గల్లీకి అవతల మేడ మీద మహేశ్ పతంగి తెంపించుకుని ఉత్త దారం చుట్టుకుంటూ నిలబడ్డాడు, ఇటు తిరిగాడు, ఆ గోలలో అరిచినా లాభం లేదని అతనికీ తెలుసు, ఐదు వేళ్లూ చేర్చి పెదాలకు ఆనించి గడ్డం ఎగరేశాడు. తిన్నవా? బాపు పోయాక ఆ సైగ ఆమెను ఎవరూ అడగలేదు. ఏడుపు వచ్చింది, ఎండ కళ్లలో పడ్డట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత అరచెయ్యి విప్పి ఊపింది, ఇంకా లేదని. అతను కిందికి దిగి గల్లీ దాటి, పండుగకు వండే ఉంధియు కూర పొట్లం తెచ్చి మెట్ల మీద పెట్టి పోయాడు. అంతే, అదే మొదలు. ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు వాళ్ల కథలో, అయినా తలుచుకుంటే అంతా కథే. సాయంత్రం మేడ మీద బట్టలు తీసేటప్పుడు అటునుంచి ఒక సైగ, ఇటునుంచి ఒక సైగ. వాన పడితే బడి దగ్గర శనగపిండి లోచో బండి కింద నిలబడి ఒకే ప్లేటు, చివరి ముక్క నువ్వు తిను అంటే నువ్వు తిను అని చల్లారబెట్టి పారేయడం. బస్సులో ఒకే ఇయర్‌ఫోన్ చెరొక చెవికి, ఎదురుగా ఎవరైనా తెలుగువాళ్లు కనబడితే టక్కున తీసేయడం. ఒక్కసారి, ఒక్కసారే, తాపీ వంతెన మీద అతను చెయ్యి పట్టుకుంటే ఆ రోజంతా ఆ చెయ్యి కడుక్కోలేదు. ఇంకో తమాషా, చిన్నప్పటి నుంచి రఘుపతిని కాకా అని పిలిచేది, కాక కొడుకు అన్నే అవుతాడు కదా, అందుకని ఉత్తరాయణ్ తర్వాత ఆ పిలుపు మానేసి అంకుల్ అనడం మొదలుపెట్టింది. అంకుల్ ఏ వరుసకూ తగలదు. "ఏందే, కాకను అంకుల్ జేసినవ్?" అని అమ్మ అడిగితే, బళ్లో అందరూ అట్లనే అంటరమ్మా అంది. అమ్మ ఇంకో రాయికి జిగురు రాసింది.

ఎదురు ప్లాట్‌ఫారం మీదికి లోకల్ బండి వచ్చింది, జనం దిగి పోయారు, బండి కదిలిపోయింది. సింధూజ చూపు మాత్రం ఆ పట్టాల మీదే ఉండిపోయింది, అక్కడ ఏదో ఉన్నట్టు. పోయిన ఏడు బతుకమ్మ. తలుచుకోకూడదనుకున్న దగ్గరికే వస్తుంది మనసు. డిండోలిలో మనవాళ్ల బతుకమ్మా, గుజరాతీల గర్బా ఒకేసారి వస్తాయి, ఒకే మైదానంలో ఇటు చప్పట్లు అటు కోలాటం కర్రలు, పాట ఎవరిదో తేల్చుకోలేక కాళ్లు రెంటికీ ఆడతాయి. ఆ రోజు అమ్మ ట్రంకు తీసి చిలకపచ్చ చీర ఇచ్చింది. "నేనింక ఏం కడుత. నువ్వు గట్టుకో." తనే కుచ్చిళ్లు పెట్టింది, మలీద ముద్దలు చేసింది, తను మాత్రం ఆడడానికి రాలేదు. మొదటిసారి చీర, అద్దంలో చూస్తే అమ్మే నిలబడ్డట్టుంది. మహేశ్ ఆ నవరాత్రులకు గుజరాతీ దోస్తులతో కలిసి ఉపవాసం ఉంటానని బడాయి పోయాడు, చీర చూపించాలని మనసు, మసక చీకట్లో మేడ ఎక్కింది. గర్బా స్పీకర్లకు గోడలు అదురుతున్నాయి. అవతల మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక ఆకారం, అది మహేశే, ఇంకెవరుంటారు? ఐదు వేళ్లూ చేర్చి పెదాలకు ఆనించి గడ్డం ఎగరేసింది. తిన్నవా? ఆ ఆకారం చాలాసేపు కదల్లేదు. తర్వాత అరచెయ్యి విప్పి ఊపింది, ఇంకా లేదని. నవ్వుకుంటూ కిందికి వచ్చి, మలీద ముద్దలు స్టీలు డబ్బాలో పెట్టి, ఉత్తరాయణ్ నాడు అతను చేసినట్టే వాళ్ల గడప మీద పెట్టి, మైదానానికి పరుగెత్తింది. అక్కడ మహేశ్ కోలాటం కర్రలు పట్టుకుని ఎదురొచ్చాడు. "ఎక్కడికి పోయినవ్? గంటసేపటి నుంచి ఇక్కడే నీ కోసం చూస్తున్న." అంటే ఆ మేడ మీద ఉన్నది ఎవరు? గర్బా పాట ఆగేదాకా ఆమెకు అర్థం కాలేదు, అది మహేశ్ తండ్రి అని అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ నవ్వులాట ఎటు పోతుందో అప్పుడెవరికి తెలుసు?

మర్నాడు దసరా, రఘుపతి ఆ డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరిదైనా గిన్నె వచ్చినప్పుడు ఖాళీగా తిరిగి ఇయ్యరు, డబ్బా నిండా జిలేబీ పోసుకొచ్చాడు. కార్ఖానా మనుషుల్లో అంత మెల్లగా మాట్లాడేవాడు అతనొక్కడే. "వదినే, తిన్నవా అని నన్నడిగెటోళ్లు లేక ఎన్నేండ్లాయెనో. పచ్చచీరల నిన్ను జూసి, గణపతన్న ఉన్నప్పటి రోజులు యాదికొచ్చినయ్." తలుపు వెనక నుంచి సింధూజ వింటోంది. నేను కాదు, పచ్చచీర కట్టింది నా బిడ్డ, అని అమ్మ అనేస్తే అయిపోయేది. అమ్మ డబ్బా వంక చూసింది, దండెం మీద ఆరుతున్న పచ్చచీర వంక చూసింది, అవతలి మేడ వంక చూసింది. ఆ తర్వాత అడిగింది, "మలీదల బెల్లం ఎక్కువైందా?" అంతే. పాపం అమ్మకు సిగ్గై నిజం చెప్పలేకపోయిందనుకుంది సింధూజ. ఆ తర్వాత డబ్బా అటూ ఇటూ తిరగడం ఆగలేదు, ఒకసారి పప్పుచారు, ఒకసారి సేవ్ ఖమణి, ఒకసారి ఊరి నుంచి వచ్చిన సకినాలు. మహేశ్ తిండి బాగుపడిందని నవ్వేవాడు. అమ్మ నేరేడురంగు చీరకు ఎర్రంచు వచ్చింది, రాళ్లు అంటిస్తూ అంటిస్తూ ఏదో కూనిరాగం తీసేది, ఒక సాయంత్రం మునుపటిలా వంటింట్లోంచి చెయ్యి ఎత్తి, తిన్నవా అని సింధూజకు సైగ చేసింది. ఆ రోజు సింధూజ దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే. రఘుపతి పెళ్లి మాట మూడుసార్లు అడిగించాడు, అమ్మ కాదంటూనే వచ్చింది. ఆ నెలల్లో ఎన్నిసార్లో, చీర ఒడిలో పరుచుకుని, తల ఎత్తకుండా, "నీకేమన్న జెప్పేదున్నదా బిడ్డా?" అని అడిగేది. పరీక్షల సంగతేమో అనుకుని, ఏం లేదమ్మా అనేది ఈమె. ఏం లేదమ్మా. ఏం లేదమ్మా. ఆఖరుకు శ్రావణంలో అమ్మ సరేనంది, ఆ మాట విని బాత్రూంలో నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో సింధూజ ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

మొన్న మహేశ్ కలిశాడు, లోచో బండి దగ్గరే, ప్లేటు తీసుకున్నారు గానీ ఎవరూ ముట్టలేదు. "నువ్వు వద్దంటే నేను మా బాపుతోని మాట్లాడుత. అంతా నా మీదనే వేసుకుంట. నువ్వు సరేనంటే వడోదర హాస్టల్‌కు పోత, సీటు వచ్చింది కదా. పండుగకు పబ్బానికి వస్త, పోత. బస్." ఏం చెయ్యమంటవ్ అని అడిగింది సింధూజ. అతను ప్లేటు వైపు చూస్తూ, "నా బాపు ఈ ఏడాది నుంచి అద్దంల చూసుకుని దువ్వుకుంటుండు, సింధూ. పదేండ్లల ఎప్పుడూ చూడలే" అన్నాడు, అని వెంటనే, "అది నిన్ను ఒప్పించేటందుకు కాదు, ఊర్కనే చెప్పిన" అన్నాడు. అలాంటివాడు. అలాంటివాడు కాబట్టే కదా ఇంత బాధ. అందమైన వాణ్ని మరిచిపోవచ్చేమో, అడుగంటిన ఖిచిడి తండ్రికి తెచ్చి, బాగున్నది తండ్రికి పెట్టి అడుగుది తను తినే పిల్లవాణ్ని ఎట్లా మరిచిపోవడం? ఇప్పుడు తల ఎత్తితే ఎదురు ప్లాట్‌ఫారం మీద అతనే ఉన్నాడు. బాపమ్మ సంచులు మోయడానికి రఘుపతి పంపించి ఉంటాడు, ఎప్పటిలాగే తొందరలో తప్పు ప్లాట్‌ఫారం మీదికి పోయాడు. ఇద్దరి మధ్యా పట్టాలు, అతను ఆమెను చూశాడు, చెయ్యి కొంచెం ఎత్తి, ఏ సైగా చెయ్యకుండా దించేశాడు. అంతలో మైకులో ఏదో చెప్పారు, జనం లేచారు, బండి వచ్చి ఇద్దరి మధ్యా అడ్డం నిలబడింది.

ఎల్లవ్వ పెట్టె గుమ్మంలో కనబడింది, పట్టుకోవే పట్టుకోవే అని ఎవరినో తిడుతూ, సంచి ముందు దింపి తర్వాత తను దిగింది. "అగో, గింత పొడుగైనవేందే! మీ నాయిన లెక్కనే అయితున్నవ్" అని రెండు చేతులతో సింధూజ చెంపలు తడిమి, ఆ చేతులు తన కణతలకు ఒత్తుకుని, అక్కడే బెంచీ మీద కూలబడింది. సింధూజ నీళ్ల సీసా ఇచ్చింది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడే. ఎల్లవ్వ నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, సంచి మూతి విప్పి, న్యూస్‌పేపర్‌లో చుట్టిన చీర తీసి మనవరాలి ఒళ్లో పెట్టింది. పసుపురంగు చీర, ఎర్ర అంచు. "నిన్నేమడగనే. మీ అమ్మ రాత్రి ఫోన్ జేసింది. అత్తా, చీర నాకియ్యకు, సింధు చేతికియ్యి. అది దెచ్చి నాకు పెడితే కట్టుకుంట, తేకపోతే లేదు. ఎందుకని దాన్ని నువ్వడగద్దు, నేనడగ. దాని మీద ఒట్టు అని నాతోని ఒట్టేయించుకున్నది. గట్లెందుకే అంటే చెప్పది. మీ అమ్మ మొదటిసంది గంతే, అన్నీ కడుపులనే దాసుకుంటది." చెబుతూనే ఆమె కళ్లు తడిశాయి. "నాకైతే సమ్మతమే బిడ్డా. కొడుకు పోయిండు గని, కోడలు బతికే ఉన్నది గద. బతికున్న మనిషిని నాలుగేండ్ల సంది గట్ల జూడలేక పోతున్న."

సింధూజ చీర మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. ఎందుకని అడగొద్దు. అమ్మ ఎందుకు అట్లా అంది? ఆ దసరా రోజు డబ్బా వంక చూసింది, దండెం మీది పచ్చచీర వంక చూసింది, అవతలి మేడ వంక చూసింది. ఆ సైగ చేసింది తను కాదని అమ్మకు తెలుసు. ఆ పచ్చచీర ఆ రోజు ఎవరు కట్టుకున్నారో, కుచ్చిళ్లు పెట్టిన చేతులకు తెలియదా? ఆ సైగ ఎవరి కోసం పోయిందో, కార్ఖానాలో చేతిమాటల మధ్యే సగం బతుకు గడిపిన మనిషికి తెలియదా? ఆ నిమిషంలోనే అంతా తెలిసింది అమ్మకు. అందుకే కాదంటూ వచ్చింది. అందుకే తల ఎత్తకుండా అడిగింది, నీకేమన్న చెప్పేదున్నదా అని, కూతురు చెబితే తన సంతోషాన్ని చుట్టి ట్రంకులో పెట్టేద్దామని. ఏం లేదమ్మా, ఏం లేదమ్మా అని ఎంత తేలిగ్గా అంది తను! ఇప్పుడైనా ఈ చీర బాపమ్మ సంచిలో పెట్టేస్తే అమ్మ ఒక్క మాట అడగదు, రేపు పొద్దున మళ్లీ రాళ్లు అంటించుకుంటుంది, తిన్నవా అని కూడా సైగ చేస్తుంది. ఆ చీర ఎంత బరువుందని, పిడికెడంత లేదు, సింధూజ దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

బండి కూత వేసి కదిలింది. పెట్టె తర్వాత పెట్టె ముందు నుంచి పోతోంది, ఆ చప్పుడు సాంచెల చప్పుడులాగే ఉంది, చిన్నప్పుడు గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. ఆఖరి పెట్టె పోగానే ఎదురుగా మహేశ్, కదలకుండా అక్కడే ఉన్నాడు. ఆమె చేతుల్లో పసుపుచీర చూశాడు. సింధూజ లేచి నిలబడి, కుడిచెయ్యి ఎత్తి గుండె దగ్గర పిడికిలి బిగించింది. తర్వాత ఇంటి వైపు, డిండోలి వైపు తిరిగి, చూపుడువేలు గాల్లో గిరగిరా తిప్పింది. ఆగింది ఆగనీ. నడిచేటియి నడవనీ. మధ్యలో ఎవరో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పోయారు, పోయాక కూడా అతను ఆమెనే చూస్తున్నాడు. అప్పుడు తన చెయ్యి ఎత్తి పిడికిలి బిగించాడు, వేలు తిప్పాడు, చిన్నప్పుడు పందెంలో చేసినట్టు సరిగ్గా, ఒక్క తప్పు లేకుండా. తర్వాత తల దించుకుని వంతెన మెట్ల వైపు నడిచాడు.

"ఎవరే ఆ పిలగాడు? గట్ల చేతులు తిప్పుతుండేంది?" అంది ఎల్లవ్వ కళ్లు చికిలించి. "రఘుపతి కాక కొడుకు బాపమ్మా. సంచి మోసేటందుకు వస్తుండు" అంది సింధూజ. కాకా అన్న మాట రెండేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చింది, ఇన్నాళ్లూ ఎక్కడికీ పోనట్టే వచ్చింది. ఫోను మోగింది, అమ్మ. అవతలి పట్టాల మీద ఇంకో బండి ఆగకుండా దూసుకుపోతోంది, ఒక్క ముక్క వినబడడం లేదు. సింధూజ వీడియో నొక్కింది. తెరలో అమ్మ ముఖం, వెనకాల కడిగి బోర్లించిన డబ్బాలు, జుట్టు చెదిరి ఉంది. ఏమీ అడగలేదు అమ్మ, బాపమ్మ వచ్చిందా అని కూడా అడగలేదు, ఊరికే కూతురి ముఖం చూస్తోంది. సింధూజ పసుపుచీర ఎత్తి తెర ముందు పట్టుకుంది. అమ్మ చూసింది, చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ల నుంచి నీళ్లు ఆ చేతి మీద కారుతుంటే తుడుచుకోవడం కూడా లేదు. కూతురికీ అదే పరిస్థితి. బండి చప్పుడు ఆగడం లేదు. సింధూజ చీర ఒళ్లోకి దించి, ఐదు వేళ్లూ చేర్చి పెదాలకు ఆనించి, గడ్డం ఎగరేసింది. ఈసారి ఎవరిని అడుగుతోందో ఎవరికీ అనుమానం లేదు. అమ్మ నోటి మీది చెయ్యి తీసి, తడిసిన అరచెయ్యే విప్పి ఊపింది.

"ఏమంటుందే మీ అమ్మ? నాకేం ఇనవడతలేదు" అంది ఎల్లవ్వ.

"పొద్దున్నుంచి ఏం తినలేదట బాపమ్మా" అంది సింధూజ, సంచి భుజాన వేసుకుంటూ. "లే, జల్ది పోదాం."